ఒక్క నిమిషం, లెక్క తప్పుతుంది

హైదరాబాదులో ఊలుబంతి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనిషిని చూస్తే జనానికి ముందు నవ్వొస్తుంది, తర్వాత కాస్త జాలేస్తుంది. "ఎవరికండీ ఇది?" అని అడుగుతారు. మెట్రోలో అడిగారు, బ్యాంకులో టోకెన్ పట్టుకుని కూర్చున్నప్పుడు అడిగారు, ఒక పెళ్ళిలో ముహూర్తం బాగా పొద్దుపోయాక ఉండి అందరం కుర్చీల్లో కునికిపాట్లు పడుతుంటే పెళ్ళికొడుకు మేనత్త పనిగట్టుకుని నా దగ్గరికి వచ్చి మరీ అడిగింది. మనకి చలి ఎన్నాళ్ళని? డిసెంబరులో మొదలై సంక్రాంతి దాకా లాగితే గొప్ప, అదీ తెల్లవారుజామున పాలప్యాకెట్‌కి వెళ్ళేవాళ్ళకీ, స్కూలు బస్సు కోసం నిలబడే పిల్లలకీ. ఆ మాత్రం చలికి ఏటా చలికాలంలో టిబెటన్లు వచ్చి వేసే కొట్లలో కావలసినన్ని స్వెట్టర్లు దొరుకుతాయి, నేను మంచి ఊలు కొనడానికి పెట్టే డబ్బుతో అక్కడ రెండు వస్తాయి. ఇదంతా నాకూ తెలుసు. అందుకే ఎవరికని అడిగితే ఈమధ్య "తెలీదండీ, అయ్యాక చూస్తాను" అంటున్నాను. నిజం కూడా అదే.

అసలు అల్లిక అనేది చలిదేశాల సొంత ఆస్తేమీ కాదు. సూదులతో అల్లినవాటిలో ఇప్పటిదాకా మిగిలిన బాగా పాతవి ఈజిప్టులో దొరికాయి, సుమారు వెయ్యేళ్ళ కిందటివి, నీలం తెలుపు నూలుతో అల్లిన మేజోళ్ళు, ముక్కలు. ఊలు కాదు, నూలు. ఎండకి మాడే దేశంలో నూలుదారంతో మొదలైనట్టు కనిపించే పనిని మనం స్విట్జర్లాండు పోస్టర్లకి అంటగట్టాం. నేనూ ఇక్కడికి వచ్చాక ఎక్కువగా నూలుకే మారాను. మొదట్లో విసుగొచ్చింది, ఎందుకంటే నూలు సాగదు, ఊలులాగా చేతికి లొంగదు, కాసేపటికి వేళ్ళ కణుపులు పీకుతాయి, పైగా అయ్యాక బరువుగా ఉండి కిందకి వేలాడుతుంది. కానీ మే నెలలో చెమట చేతులతో ఎక్రిలిక్ దారాన్ని స్టీలు సూది మీద జరపడం ఉంది చూశారూ, అది కీచుమంటుంది, ఇంక పళ్ళు జివ్వుమంటాయి. వేసవిలో వెదురు సూదులు, నూలు దారం, తల మీద ఫ్యాను. అంతకి మించి ఇక్కడ ఏ కళా సాగదు.

నాకిది ఢిల్లీలో వచ్చింది. మా నాన్న సెంట్రల్ గవర్నమెంటు గుమాస్తా, మేం ఆర్.కె.పురం క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం, ఎనభైల సంగతి. అక్కడ చలికాలం వచ్చిందంటే పదకొండింటికల్లా ఆడవాళ్ళందరూ ఇళ్ళల్లోంచి బయటపడి ఎండ ఎక్కడుంటే అక్కడికి మంచాలూ చాపలూ జరుపుకుంటూ కూర్చునేవాళ్ళు. వేరుశెనక్కాయలు, కమలాపళ్ళు, సూదులు. పంజాబీలు, బెంగాలీలు, గఢ్వాలీలు, తమిళులు, మధ్యలో మా అమ్మ. నరసాపురం దగ్గర పల్లెటూరి నుంచి పెళ్ళయి నేరుగా ఢిల్లీలో దిగిన మనిషి, హిందీ ముక్క రాదు, కూరగాయలవాడితో బేరం కూడా వేళ్ళతోనే. మరి ఆ గుంపులో ఎలా కలిసిందంటే, లేసు అల్లే చెయ్యి కాబట్టి. మా అమ్మమ్మగారి వైపు ఆడపిల్లలందరికీ చిన్నప్పుడే లేసు సూది చేతికిచ్చేవాళ్ళు. ఒక్క కొక్కెం సూదితో దారాన్ని ఆడించగలిగిన వేళ్ళకి రెండు సూదులు ఎంతసేపు? పక్కింటి పంజాబీ ఆంటీ ఒక సాయంత్రం చూపిస్తే మర్నాటికి అమ్మ మఫ్లరు మొదలెట్టేసిందట. ఆవిడ హిందీ అంతా అక్కడే మొదలైంది. సలాయీ అంటే సూది, ఫందా అంటే సూది మీదుండే ఒక్కో ముడి, సీధా, ఉల్టా అంటే ఫందా వేసే రెండు తీర్లు, ఘటానా అంటే తగ్గించడం, బఢానా అంటే పెంచడం. "మీ ఇంట్లో అందరూ కులాసానా" అని హిందీలో అడగడం రాని రోజుల్లో కూడా అమ్మ "చంకల దగ్గర ఒక్కోవైపు ఆరేసి ఫందాలు తగ్గించు" అని హిందీలో చెప్పగలిగేది. మా ఇంట్లో ఇప్పటికీ ఫందాలే అంటాం, తెలుగులో ఏమంటారని ఎప్పుడూ అనుకోలేదు.

డిజైన్లకి పుస్తకాలు తక్కువ. హిందీ ఆడవాళ్ళ పత్రికలు చలికాలం ముందు అల్లికల ప్రత్యేక సంచికలు వేసేవి, ఒకళ్ళు కొంటే బ్లాకు మొత్తం తిరిగేది, కొలతలున్న పేజీలు చిరిగి పసుపు మరకలతో తిరిగొచ్చేది. మిగతాదంతా కంటితో దొంగతనమే. డీటీసీ బస్సులో ముందు సీట్లో ఎవరిదైనా మంచి అల్లిక కనిపిస్తే అమ్మ మా స్టాపు వచ్చేదాకా దాని వీపు మీద నుంచి కళ్ళు తీసేది కాదు, వరసలు లెక్కపెట్టుకునేది, కొందరైతే మొహమాటం లేకుండా స్వెట్టరు అంచు తిప్పి లోపలివైపు ఎలా ఉందో చూసేవాళ్ళు, ఆ స్వెట్టరు వేసుకున్నావిడ కూడా ఏమీ అనుకోకుండా తిరిగి నిలబడేది. కొలతలు జానలతో, బెత్తెలతో. ఎలిజబెత్ జిమ్మర్‌మన్ అని ఇంగ్లండులో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఒకావిడ స్వెట్టరు మొత్తాన్నీ ఛాతీ చుట్టుకొలత మీద శాతాల్లో కట్టేసింది, ఛాతీ నూరైతే మణికట్టు దగ్గర ఇరవై, పైచేయి ముప్ఫై మూడు, మెడ నలభై, ఇలాగ. ఇది చదివినప్పుడు నేను పాత అలవాటు కొద్దీ జాన పెట్టి కొలిచి చూశాను, అమ్మ లెక్క దాదాపు అక్కడికే వస్తుంది.

ఆ ఇంట్లో కొత్త ఊలు కొనడం తక్కువ. నాన్న స్వెట్టరు మోచేతుల దగ్గర చిరిగితే అది విప్పి అన్నయ్యకి, అన్నయ్యది పొట్టయితే విప్పి ఇంకో రంగు చారలు కలిపి నాకు, నాది అయిపోయాక టోపీ, టోపీ తర్వాత కాఫీ గిన్నె పట్టుకునే మసిగుడ్డలాంటిది. విప్పిన ఊలు నూడిల్స్‌లాగా ముడతలు ముడతలుగా ఉంటుంది, దాన్ని అలాగే అల్లితే ఎగుడుదిగుడుగా వస్తుంది కాబట్టి కుర్చీ వీపుకి చుట్టి లచ్ఛీ, అంటే దారపు చుట్ట, కట్టి, నానబెట్టి, దాని అడుగున ఏదో ఒక బరువు వేలాడదీసి ఆరేసేవాళ్ళు. ఆరాక ముడతలు పోయేవి. అప్పుడు ఆ లచ్ఛీని నా రెండు చేతులకీ తగిలించి, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని అమ్మ బంతి చుట్టేది. నేను చేతులు అటూ ఇటూ ఊపుతూ దారం వదలాలి. ఎక్కడికీ కదలడానికి లేదు, ముక్కు దురద పెట్టినా గోక్కోవడానికి లేదు. అమ్మ నాతో ఎక్కువగా మాట్లాడింది అప్పుడే. వాళ్ళ ఊరి కాలవ, చిన్నప్పటి సావాసగత్తెలు, తాతగారి కోపం, అన్నీ ఆ ఊలు చుట్టేటప్పుడు వచ్చిన కబుర్లే. అల్లేటప్పుడు మాత్రం మాట్లాడేది కాదు. దగ్గరికెళ్ళి ఏదైనా చెప్పబోతే "ఉండవే, లెక్కలో ఉన్నా" అనేది. దీని సంగతి తర్వాత చెప్తాను.

అల్లిక చేస్తే మనసుకి ప్రశాంతత అని ఇప్పుడందరూ అంటున్నారు, ఒత్తిడి తగ్గుతుంది, ధ్యానం లాంటిది, ఇంకా ఏవేవో. 2013లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ ఆక్యుపేషనల్ థెరపీలో ఒక సర్వే వచ్చింది, అల్లేవాళ్ళు 3,545 మంది ఆన్‌లైన్‌లో జవాబులు చెప్పారు, ఎంత తరచుగా అల్లితే అంత స్థిమితంగా, సంతోషంగా ఉంటున్నామని తేలింది. నాకు దీంతో పేచీ ఏమీ లేదు గానీ, అడిగింది అల్లేవాళ్ళని కదా. నాలుగు వరసలు వేసి విసుగొచ్చి సూదులు అటక మీద పడేసినవాళ్ళు ఆ లెక్కలోకి రారు. మా చిన్న వదిన ఒకసారి మొదలుపెట్టి, ఒక ఫందా జారిపోతే దాన్ని ఎక్కించలేక ఏడ్చినంత పని చేసింది, ఆవిడకి ఆ రోజు బీపీ పెరిగిందే తప్ప తగ్గలేదు.

నా మటుకు నాకు ఇది ప్రశాంతతకంటే ముందు ఇచ్చింది ఇంకొకటి. మన ఇళ్ళల్లో ఆడమనిషి ఊరికే కూర్చుని ఉండటానికి వీల్లేదు. ఎవరూ తిట్టరు, నిజమే. కానీ ఐదు నిమిషాలు కిటికీలోంచి చూస్తూ కూర్చోండి, ఎవరో ఒకరు వచ్చి "ఏంటలా ఉన్నావ్, ఒంట్లో బాలేదా" అంటారు. పది నిమిషాలైతే "ఏమైంది, ఎవరైనా ఏమైనా అన్నారా" అంటారు. ఇంకాసేపు కూర్చుంటే "ఖాళీగానే ఉన్నావుగా, కాస్త ఈ చిక్కుడుకాయలు ఈనెలు తీద్దూ" అని పళ్ళెం ఒళ్ళో పెడతారు. ఫోను చూస్తూ కూర్చుంటే ఎవరితో అని అనుమానం, పొద్దస్తమానం ఆ ఫోనేనా అని సణుగుడు. పుస్తకం పట్టుకుంటే ఇంకా అన్యాయం, పుస్తకం చదివే మనిషిని ఎప్పుడైనా పిలవచ్చని మన జాతి మొత్తం నమ్మకం, కాలక్షేపానికి చదువుతోంది కదా అని. కానీ చేతుల్లో రెండు సూదులుండి అవి కదులుతూ ఉంటే, అది పని. ఎదురుగా పెరుగుతూ కనిపిస్తోంది కదా! మా అత్తగారు, దేవుడు ఆవిడని చల్లగా చూడాలి, నన్ను దేనికైనా పిలవబోయి సూదులు చూసి "సర్లే కానీ, నువ్వు పనిలో ఉన్నావ్" అని వెనక్కి తగ్గిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఆవిడ అలా తగ్గడం ఇంకే విషయంలోనూ నేను చూడలేదు.

అన్నిటికంటే గొప్ప ఆయుధం ఆ ఒక్క వాక్యం: "ఒక్క నిమిషం, లెక్క తప్పుతుంది." ఇది అనగానే మా ఇంట్లో ఎంతటివాళ్ళైనా ఆగిపోతారు. మా ఆయన చేత్తో నోరు మూసుకుని వెనక్కి వెళ్ళిపోతారు. పిల్లలు కూడా చిన్నప్పుడు గడప దగ్గర నిలబడి, అయిందా, అయిందా అని సైగ చేసేవాళ్ళు. లెక్క అంటే మనవాళ్ళకి అంత భక్తి.

ఇక్కడ అల్లేవాళ్ళకి మాత్రమే తెలిసిన చిన్న సంగతుంది. అల్లిక రెండు రకాలు. ఒకటి డిజైనుది, జడలూ పువ్వులూ చిల్లులూ ఉండేది, దానికి నిజంగానే ప్రతి వరసలోనూ లెక్క ఉంటుంది, రెండు సీధా, ఒక ఉల్టా, దారం ముందుకి, రెండు కలిపి ఒకటి, మళ్ళీ మొదటికి. ఇందులో మనసు ఎటైనా పోయిందా, నాలుగు వరసల తర్వాత తెలుస్తుంది, అక్కడికి విప్పుకోవాలి. రెండోది సాదా అల్లిక. ఒక వరస మొత్తం సీధా, తిప్పి ఒక వరస మొత్తం ఉల్టా, చంకల దాకా అంతే. దాంట్లో లెక్కపెట్టడానికి ఏమీ లేదు. కళ్ళు మూసుకుని అల్లచ్చు, చీకట్లో అల్లచ్చు, టీవీ చూస్తూ అల్లచ్చు. చేతులు వాటి పని అవి చేసుకుంటాయి, తల పూర్తిగా ఖాళీ.

అందుకని నా దగ్గర ఎప్పుడూ రెండు సంచులుంటాయి. ఒకదాంట్లో డిజైనుది, ఒకదాంట్లో సాదాది. ఏదైనా ఆలోచించకూడదు అనుకున్న రోజు డిజైను తీస్తాను. నాన్నకి డయాలిసిస్ చేయించే రోజుల్లో, ఆ నాలుగేసి గంటలు బయట కూర్చోవడానికి, నేను అల్లినంత కష్టమైన జడల డిజైను ఇంకెప్పుడూ అల్లలేదు. అక్కడ ఆలోచన అవసరం లేదు, అక్కడ ఆలోచిస్తే మనిషి మిగలదు. ఆలోచించి తీరాలి, ఇంక వాయిదా వెయ్యడానికి లేదు అన్న రోజు సాదాది తీస్తాను. ఉద్యోగం మానెయ్యాలా వద్దా అన్నది సాదా అల్లిక మీదే తేలింది. అన్నయ్యతో ఊళ్ళో స్థలం గురించి వచ్చిన మాటపట్టింపు కూడా. అదేం మహత్తు కాదు. ఊరికే కూర్చుని అలాంటివి ఆలోచిస్తే నాకు ఒంట్లో ఏదో పరుగులాగా ఉంటుంది, లేచి ఫ్రిజ్ తెరుస్తాను, ఫోన్ చేసి ఇంకెవరితోనైనా చాడీలు చెప్తాను. చేతులు ఒక పనికి కట్టుబడి ఉంటే ఆ తప్పించుకునే దారులన్నీ మూసుకుపోతాయి, వరస పూర్తయ్యేదాకా కూర్చోవాల్సిందే, కూర్చున్నాక ఆ విషయం మొహం చూడాల్సిందే. అన్నయ్య అన్న మాటల్లో సగం నిజమని మొట్టమొదట నాకు తోచింది ఒక బూడిదరంగు స్వెట్టరు వెనకభాగం మీద. అప్పుడు ఊరట అనిపించలేదు, కోపం ఇంకా పెరిగింది. ఊరట తర్వాతెప్పుడో వచ్చింది. కాబట్టి అల్లిక మనసుని ఖాళీ చేస్తుంది అనేవాళ్ళు ఏ రకం అల్లుతున్నారో ముందు చెప్పాలి.

ఇప్పుడు అమ్మ సంగతి. పోయినేడు అటక సర్దుతుంటే పాత ఫోటోల పెట్టె దొరికింది. ఢిల్లీ ఫోటోలు, ఎండలో మంచం, చేతిలో సూదులతో అమ్మ, పక్కన నేను. వరసగా చూసుకుంటూ పోయాను, అల్లేవాళ్ళకి మనుషుల మొహాలకంటే ముందు వాళ్ళ ఒంటి మీది స్వెట్టర్లు కనిపిస్తాయి. నాన్నది సాదా. అన్నయ్యది సాదా, చారలు. నాది సాదా, చారలు. అమ్మ చేతిలో ఉన్నది ఏ ఫోటోలో చూసినా సాదాయే. మెరూన్, నేవీ బ్లూ, ఊదా, అన్నీ ఒక వరస సీధా, ఒక వరస ఉల్టా. విప్పి మళ్ళీ అల్లిన ఊలు కదా, డిజైను వేస్తే ఎక్కువ దారం పడుతుంది, అంత దారం ఎక్కడిది.

మరి "ఉండవే, లెక్కలో ఉన్నా" అన్నదే!

నేను ఆ పెట్టె ముందు కాసేపు నవ్వుకున్నాను. నేను మా పిల్లలకి చెప్పే అబద్ధం నాకు అంతకుముందే చెప్పేశారన్నమాట. తర్వాత అంత నవ్వు రాలేదు. రెండు గదుల క్వార్టర్, ఐదుగురు మనుషులు, ఊరి నుంచి ఎవరో ఒక చుట్టం ఏదో ఒక ఇంటర్వ్యూకని వచ్చి ముందుగదిలో పక్క వేసుకుని ఉండేవాడు, ఆవిడకి తలుపేసుకోవడానికి ఒక గది లేదు, రెండు వేల కిలోమీటర్ల దూరంలో పుట్టిల్లు, ఉత్తరం వేస్తే జవాబుకి వారాలు. ఆ లేని లెక్కలో ఆవిడ ఏం ఆలోచించుకునేదో. ఇప్పుడు అడగడానికి ఆవిడ లేదు, ఉన్నా చెప్పేది కాదనుకుంటాను. నేను అడగబోయినా "లెక్కలో ఉన్నా" అనే ఉండేది. చిన్నప్పుడు ఆ మాటకి నేను చిన్నబుచ్చుకునేదాన్ని, నాకంటే ఆ ఊలు ఎక్కువా అని. ఈ వయసులో ఆవిడ పక్షాన నిలబడుతున్నాను. రోజులో ఆ గంటా గంటన్నరా ఆవిడ ఎవరికీ ఏమీ కాకుండా ఉండగలిగింది, ఎంత బాగా దాచుకుందో అనిపిస్తోంది.

మా అపార్ట్‌మెంట్‌లో రైల్వేలో రిటైరైన పెద్దాయన ఒకరు ఈమధ్య నా దగ్గర నేర్చుకుంటున్నారు. "మగవాడికి ఇదేంటండీ" అని మొదట్లో ఆయనే అన్నారు. పెరూలో టిటికాకా సరస్సు మధ్యలో టకీలే అని ఒక దీవి ఉందండీ, అక్కడ అల్లేది మగవాళ్ళేనట, మగపిల్లలకి చిన్నప్పటి నుంచే నేర్పుతారట, టోపీలు అల్లుకుంటూ ఊళ్ళో తిరుగుతారట, యునెస్కోవాళ్ళు ఆ నేతపనిని వారసత్వ జాబితాలో కూడా పెట్టారు అని చెప్తే కాస్త ధైర్యం వచ్చింది ఆయనకి. ఇప్పుడు మనవరాలి బొమ్మకి దుప్పటి అల్లుతున్నారు. చెయ్యి బిగువు, ఫందాలు సూది మీద కదలవు, అయినా పట్టుదల మనిషి. ఆయన సమస్య ఇంకో రకం, రిటైరైన మగవాడు ఇంట్లో ఊరికే కూర్చున్నా కష్టమే, అడుగడుగునా అడ్డం అంటారు.

నేను ఇంతసేపూ ఇది హాయి, ఇది చాటు అని చెప్తున్నాను గానీ, ఈ మాట మా పెద్దమ్మ ముందు అనేదాన్ని కాదు. వేసవి సెలవులకి జీటీ ఎక్స్‌ప్రెస్‌లో విజయవాడ దాకా వచ్చి అక్కడి నుంచి ఊరెళ్ళేవాళ్ళం, అమ్మ ఆ ఎండల్లో కూడా ఊలు సంచి తెచ్చుకునేది, మే నెలలో అల్లితేగా చలికాలానికి అయ్యేది. మధ్యాహ్నం వంటలయ్యాక అమ్మా పెద్దమ్మా అరుగు మీద కూర్చునేవాళ్ళు, అమ్మ చేతిలో ఊలు, పెద్దమ్మ చేతిలో లేసు. దూరం నుంచి చూస్తే ఇద్దరూ ఒకే పని చేస్తున్నట్టుండేది. అమ్మది మా ఒంటి మీదకి. పెద్దమ్మది ఏజెంటుకి. అతను దారం తెచ్చిచ్చేవాడు, అయ్యాక వచ్చి పట్టుకెళ్ళేవాడు, ఎంత దారం అల్లితే అంత కూలి. ఆ పువ్వులూ చక్రాలూ ఎక్కడికి వెళ్తాయో, ఏ దేశంలో ఎవరి భోజనాల బల్ల మీద పరుస్తారో ఆవిడకి తెలియదు, అలాంటి బల్ల వాళ్ళ ఇంట్లో లేదు.

నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కలకి ఈ లేసు పని పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలతో వచ్చింది. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త డెబ్భైల చివర్లో అక్కడికి వచ్చి, ఆ ఆడవాళ్ళ మధ్య పరిశోధన చేసి 1982లో ఒక పుస్తకం వేసింది. ఆవిడ చెప్పిన ముఖ్యమైన సంగతి ఏంటంటే, ప్రపంచ మార్కెట్ కోసం రోజుకి గంటలు గంటలు పనిచేసే ఈ ఆడవాళ్ళని ఎవరూ పనివాళ్ళు అనలేదు. ఎగుమతి వ్యాపారులూ అనలేదు, ఇంట్లో మగవాళ్ళూ అనలేదు, చివరికి వాళ్ళకి వాళ్ళూ అనుకోలేదు. గృహిణులు, తీరిక వేళల్లో ఏదో అల్లుకుంటున్నారు, అంతే. తీరిక పని కాబట్టి కూలి తీరిగ్గా, తక్కువగా. పొలానికి వెళ్ళకుండా ఇంట్లో కూర్చుని చేసే పని కాబట్టి పరువు, ఆ పరువు కోసం ఆ తక్కువ కూలి.

ఇది చదివినప్పుడు నాకు గుచ్చుకుంది. నేను ఏ మాట చాటున దాక్కున్నానో, చేతిలో దారం ఉంటే పనిలో ఉన్నట్టు, అని, అదే దారం పెద్దమ్మ విషయంలో సరిగ్గా తలకిందులైంది. నేను పని చెయ్యకపోయినా పనిలో ఉన్నట్టు లెక్క, ఆవిడ రోజంతా పనిచేసినా ఊరికే కూర్చున్నట్టు లెక్క. నరసాపురం లేసుకి 2024లో జీఐ గుర్తింపు, అంటే ఆ ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు, వచ్చిందని వార్త చూసి సంతోషపడ్డాను, మంచిదే. కూలి దగ్గరకి ఎంత చేరుతుందో చూడాలి.

మొన్న కార్తీకమాసంలో ఊరెళ్ళినప్పుడు పెద్దమ్మ కూతురి ఇంట్లో ఉన్నాను. అక్క కూడా పెళ్ళికి ముందూ తర్వాతా బోలెడంత లేసు అల్లిన మనిషే, పిల్లల చదువులు చాలామటుకు ఆ సూదితోనే గట్టెక్కాయి. ఇప్పుడు ముట్టుకోదు. సాయంత్రం పూట సీరియల్ పెట్టుకుని కూర్చుంటే, అలవాటుగా నేను నా నూలు సంచి తీశాను. "అక్కా, నువ్వూ ఏదైనా అల్లకూడదూ, కాలక్షేపంగా ఉంటుంది" అన్నాను. అక్క నా వైపు వింతగా చూసింది. "కాలక్షేపమా? నాకు ఆ సూది చూస్తే మెడ నొప్పొస్తుందే. రాత్రిళ్ళు బుడ్డి దీపం ముందు కూర్చుని కళ్ళు పోగొట్టుకున్నాం. నా కాలక్షేపం ఇదిగో, ఇలా కాళ్ళు చాపుకుని కూర్చోవడం" అంది.

కాసేపాగి, నా చేతిలోది లాక్కుని అటూ ఇటూ తిప్పింది, లోపలివైపు చూసింది, వేలితో లాగి చూసింది. పని తెలిసిన చెయ్యి.

"దారం ఎంతయింది?"

చెప్పాను.

"ఎన్నాళ్ళుగా అల్లుతున్నావ్?"

"దసరా నుంచి, అప్పుడప్పుడూ."

"అయ్యాక ఎంతకి ఇస్తావ్?"

"అమ్మనక్కా. ఎవరికైనా ఊరికే ఇచ్చేస్తాను, లేకపోతే విప్పేస్తాను."

అక్క టీవీ శబ్దం తగ్గించి మరీ నా మొహంలోకి చూసింది. "అంటే ఎదురు డబ్బులిచ్చి కూలి చేస్తున్నావా?" అని, లోపల వంటింట్లో ఉన్న కోడలికి వినిపించేలాగా పకపకా నవ్వింది.

కాదనలేకపోయాను. దారం ధర మాత్రం అప్పటికే సగానికి తగ్గించి చెప్పి ఉన్నాను, అది నయమైంది.